34 మీటర్ల దూరంలో నిలబడ్డ బొమ్మ

పోయిన దసరాకు మా చిన్నమ్మ కొడుకు జమ్మికుంట నుంచి హన్మకొండ వచ్చాడు. ఇంటర్ చదువుతున్నాడు. సాయంత్రం ఇంట్లో అందరూ గుడి దగ్గరికి పోతే మేమిద్దరమే మిగిలాం. నేను రంగులు వేసి నా బల్ల మీద పెట్టుకున్న చిన్న బొమ్మల్లోంచి ఒకదాన్ని తీసి తిప్పి తిప్పి చూశాడు. ఎర్ర అంగీ తొడిగి బల్లెం పట్టిన సైనికుడు. అరికాలి నుంచి కళ్ళ దాకా 28 మిల్లీమీటర్లు.

"అన్నా, గింత చిన్న బొమ్మకు కండ్లెట్ల పెట్టినవ్? నా చెయ్యి వణుకుతది. నాతోని కాదు గీ పని" అన్నాడు.

"చెయ్యి సంగతి తర్వాత చూద్దాం తమ్మీ. ముందు గీ రెండిట్ని కిటికీ కాడ పెట్టి, కుర్చీల కూసోని చూడు" అని ఇంకో బొమ్మ కూడా ఇచ్చాను. రెండూ ఒకే అచ్చులో పోసినవి. రెండింటి అంగీకీ ఒకే సీసాలోని ఎరుపే వేశాను. మొదటిది ఎరుపు నున్నగా, గీత దాటకుండా, ఎంతో శ్రద్ధగా పూసింది. రెండో దాని మీద అదే ఎరుపు వేశాక మడతల్లోకి ముదురు రంగు పోనిచ్చి, మడతల అంచుల మీద లేత రంగు గీశాను. దగ్గర పెట్టుకుని చూస్తే రెండో దాని గీతలు వంకరటింకరగానే కనిపిస్తాయి. కుర్చీలోంచి చూస్తే మాత్రం మొదటిది ఎర్రటి ముద్ద. రెండోది మనిషి. అంగీ మడతలు, మోకాలు వంగిన తీరు, భుజం మీద వెలుగు, అన్నీ తెలుస్తున్నాయి.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మరి చెయ్యి మొదటి దానికే కదా బాగా నిలిచింది?" అన్నాడు. సరిగ్గా అక్కడి నుంచే మొదలుపెట్టాలి. ఈ పని చేతి నిలకడకు సంబంధించిందని అందరూ అనుకుంటారు, భయపడి వదిలేస్తారు. అసలు కష్టం వెలుతురుతోనూ, రంగులోని నీళ్ళతోనూ ఉంటుంది. ఆ రెండింటి సంగతి తెలిస్తే చెయ్యి నెమ్మదిగా దారికొస్తుంది.

ముందు ఏ బొమ్మల గురించి మాట్లాడుతున్నానో చెప్పాలి. వీటిని మినియేచర్లు అంటారు. ఆ మాట అనగానే మొఘల్ కాలపు చిన్న చిత్రాలు గుర్తొస్తాయి, అవి వేరు. ఇవి బల్ల మీద ఆడే యుద్ధపు ఆటల్లో, బోర్డు గేముల్లో పావులుగా నిలబెట్టే బొమ్మలు. బల్ల మీద యుద్ధాన్ని ఆడి నేర్చుకునే పద్ధతిని 1824లో ప్రష్యా సైన్యం తన అధికారుల శిక్షణకు తీసుకుంది. అప్పుడు వాడినవి బొమ్మలు కావు, రంగు దిమ్మలు. సైనికుల బొమ్మలతో ఇంట్లో ఆడుకునే నియమాలను ఇంగ్లీషు రచయిత హెచ్.జి. వెల్స్ 1913లో పుస్తకంగా అచ్చు వేశాడు. 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్, 1983లో వార్‌హామర్, 1987లో వార్‌హామర్ 40,000 అనే ఆటలు వచ్చాక ఈ బొమ్మలకు రంగులు వేయడమే ఒక పెద్ద వ్యాపకంగా తయారైంది. వార్‌హామర్ 40,000 పోటీ ఆటలో ఒక్కో ఆటకు లెక్కించే 100 పాయింట్లలో 10 పాయింట్లు సైన్యానికి కనీస స్థాయిలోనైనా రంగులు వేసి తెచ్చినందుకే ఇస్తారు. రంగు అలంకారం మాత్రమే కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. బల్లకు అటువైపు కూర్చున్నవాడికి ఏ దళం ఎవరిదో, నాయకుడు ఎవరో రంగే చెప్పాలి.

మన ప్రాంతానికి ఇదేమీ పరాయి పని కాదు. చేర్యాల నకాషీ కళాకారులు మందెచ్చుల వాళ్ళ కోసం చెక్క బొమ్మలు చేసి రంగులు వేస్తారు. మందెచ్చులు వాటిని వరుసగా నిలబెట్టి గొల్లలకు కాటమరాజు కథ చెప్తారు. ఆ కథలో పుల్లరి, అంటే పశువుల మేతకు కట్టే పన్ను, మీద తగాదా, దాని వెంట వచ్చిన యుద్ధం ఉన్నాయి. రంగు వేసిన సైన్యాన్ని వరుసగా నిలబెట్టి యుద్ధం నడిపించడం ఓరుగల్లు జిల్లాల్లో ఎప్పటి నుంచో ఉన్నదే. అక్కడ పాచికలు ఉండవు, గెలుపోటములు కథలో ముందే రాసి ఉంటాయి. అంతే తేడా. నేను ఈ వ్యాసంలో చేర్యాలను పదేపదే తలుచుకుంటాను. గౌరవం కొద్దీ మాత్రమే కాదు, వాళ్ళు బొమ్మ తయారుచేసే వరుస చూస్తే ఈ పనిలోని చిక్కులు సగం విడిపోతాయి.

వెలుతురు లెక్క

మనిషి కళ్ళు నేల నుంచి సుమారు 1.6 మీటర్ల ఎత్తులో ఉంటాయి. ఆ ఎత్తును 28 మిల్లీమీటర్లకు కుదిస్తే బొమ్మ మనిషికంటే 57 రెట్లు చిన్నది. ఆట ఆడేటప్పుడు బొమ్మ మన కళ్ళకు 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటుందనుకుందాం. ఆ 60 సెంటీమీటర్లను 57తో హెచ్చిస్తే 34 మీటర్లు. అంటే బల్ల మీది బొమ్మను చూడటం, 34 మీటర్ల అవతల నిలబడ్డ మనిషిని చూడటంతో సమానం. క్రికెట్ పిచ్ 20 మీటర్ల చిల్లర. ఒక పిచ్, దానికి తోడు ఇంకో పిచ్‌లో మూడింట రెండు వంతులు. అంత దూరంలో ఉన్నవాడి కనుపాప రంగు ఎవరికైనా కనిపిస్తుందా? ముఖం ఎటు తిరిగి ఉందో, గడ్డం కింద నీడ ఎంత ఉందో తెలుస్తుంది, అంతే.

కనుపాప లెక్క కూడా చూద్దాం. మన కంట్లో నల్లగుడ్డు అడ్డంగా 12 మిల్లీమీటర్లు ఉంటుంది. బొమ్మకు వచ్చేసరికి అది 0.2 మిల్లీమీటర్లు. ఆరోగ్యంగా ఉన్న కన్ను 60 సెంటీమీటర్ల దూరం నుంచి విడిగా గుర్తించగల అతి చిన్న కొలత 0.17 మిల్లీమీటర్లు. అంటే బొమ్మ కనుపాప మన చూపు ఆగిపోయే గీత మీద ఉంది. మా తమ్ముడు భయపడ్డ కన్ను నిజానికి ఎవరూ సరిగ్గా చూడలేని చుక్క. దాని చుట్టూ ఉన్న కంటి గుంట నీడే చూసేవాళ్ళకు అందేది.

ఇప్పుడు నీడ సంగతి. చిన్న వస్తువుకు ఎండలో నీడ పడదా అంటే పడుతుంది, అచ్చం పెద్దదానికి పడ్డట్టే. మన బొమ్మ విషయంలో మూడు అడ్డంకులున్నాయి. మొదటిది అచ్చు. ప్లాస్టిక్ బొమ్మల్ని రెండు ఉక్కు పలకల మధ్య పోస్తారు. పలకలు తిన్నగా విడిపోవాలి కాబట్టి లోపలికి తొలిచిన మడత పెట్టడం కుదరదు, పెడితే బొమ్మ అచ్చులోనే ఇరుక్కుంటుంది. అందుకే అంగీ మడతలన్నీ లోతు లేకుండా, వాలుగా ఉంటాయి. రెండోది గది. ట్యూబ్‌లైటు పైనుంచి, కిటికీ పక్కనుంచి, తెల్ల గోడ వెనకనుంచి, బల్ల కిందనుంచి వెలుతురు చిమ్ముతాయి. ఉన్న కొద్దిపాటి నీడ కూడా అన్ని దిక్కుల నుంచీ చెరిగిపోతుంది. మూడోది పైన చెప్పిన దూరం.

రామప్ప గుడికి ఎప్పుడైనా పోతే చూరు కింద ఏటవాలుగా నిలిచిన మదనికలనే స్త్రీ విగ్రహాల దగ్గర ఆగి, నల్లరాతిలో నగలను ఎంత లోపలి దాకా తొలిచారో గమనించండి. ఆ శిల్పికి రంగు లేదు. ఉన్నది ఉలి. నీడ కావాల్సిన చోట రాతిని లోతుగా తీసి, ఎండే వచ్చి అక్కడ నలుపు వేసేలా చేశాడు. మన ప్లాస్టిక్ బొమ్మకు ఆ లోతు లేదు కాబట్టి ఆ నలుపును కుంచెతో మనం వేస్తాం. వాష్, లేయర్, హైలైట్, డ్రై బ్రష్ అని ఈ పనిలో వినిపించే పేర్లన్నీ ఆ లేని వెలుతురును, లేని నీడను పూసే పద్ధతులే. ఇది మనసుకు పడితే ఏ పేరు విన్నా కంగారు ఉండదు.

సుద్ద ముందు, రంగు తర్వాత

చేర్యాలలో తేలికైన పొణికి చెక్కను చెక్కి, చింతగింజల పిండిని ఉడికించిన జిగురులో రంపపు పొట్టు కలిపి పూసి, ఆరాక సుద్దమట్టి పూత వేస్తారు. రంగు ఆ తర్వాతే. చెక్క మీద నేరుగా రంగు వేస్తే చెక్క తాగేస్తుంది, మచ్చలు పడతాయి. ప్లాస్టిక్‌తో తిరకాసు వేరే. అది తాగదు సరికదా, నీళ్ళ రంగును అసలు నిలవనీయదు. తామరాకు మీద నీటి బొట్టులా రంగు ముడుచుకుపోతుంది. పైగా అచ్చులోంచి సులభంగా ఊడి రావడానికి పూసే జిడ్డు కొన్ని బొమ్మల మీద, ముఖ్యంగా రెజిన్ బొమ్మల మీద, మిగిలిపోతుంది. అందుకే గిన్నెలు తోమే సబ్బు నీళ్ళలో పాత పళ్ళ బ్రష్షుతో తోమి ఆరబెట్టడం మొదటి పని. అచ్చు రెండు పలకలు కలిసిన చోట సన్నని గీత ఉంటుంది, దాన్ని చాకు వీపుతో గీకేయాలి. గీకకపోతే తర్వాత వాష్ అనే పల్చటి ముదురు రంగు వేసినప్పుడు ఆ గీత ముఖం మీద నిలువుగా కాటుక గీసినట్టు బయటపడుతుంది. ఆ తర్వాత ప్రైమర్. మన సుద్ద పూత చేసే పనే అదీ చేస్తుంది. సన్నని గరుకు ఇచ్చి, పైరంగు పట్టుకునేలా చేస్తుంది.

బోర్డు గేముల్లో వచ్చే బొమ్మలు చాలావరకు మెత్తటి పీవీసీ. డబ్బాలో నొక్కుకుపోయి బల్లేలు వంగి ఉంటాయి. మరిగిన నీళ్ళలో కొన్ని సెకన్లు ముంచి, చేత్తో నిటారుగా పట్టుకుని, వెంటనే చల్లనీళ్ళలో పెడితే అలాగే నిలిచిపోతాయి. ఈ రకం బొమ్మలకు ఇంకో మెలిక ఉంది. కొన్ని స్ప్రే ప్రైమర్లు పీవీసీ మీద ఆరవు. రోజులు గడిచినా వేలికి అంటుతూనే ఉంటాయి. ముందు బొమ్మ అడుగున కొంచెం కొట్టి చూసుకోవడం మంచిది.

స్ప్రే గురించి మన వాతావరణంలో ఉన్నవాళ్ళు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. ఎందుకంటే నేర్పే వీడియోలు చాలావరకు చల్లటి దేశాల నుంచి వస్తాయి. మూడేళ్ళ కింద జూలైలో, ముసురు పట్టిన రోజు, మా డాబా మీద 20 బొమ్మల్ని అట్టముక్క మీద వరుసగా అంటించి తెల్ల ప్రైమర్ కొట్టాను. పొద్దున్నే చూస్తే అన్నిటి మీదా బొంబాయి రవ్వ చల్లినట్టు ఉంది. ముఖాలు, గుండీలు, వేళ్ళు అన్నీ ఆ రవ్వ కింద పోయాయి. ఆ 20 బొమ్మలనూ వారం రోజులు తోమి మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది. డబ్బా తప్పు కాదది. స్ప్రేలోని ద్రావకం ఆవిరవుతూ బొమ్మ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఆ చల్లటి చోట నీరు పట్టి పూతను పాడు చేస్తుంది. మే నెలలో దీనికి తలకిందులు. 44 డిగ్రీల ఎండలో రంగు తుంపర బొమ్మను చేరకముందే గాలిలో ఆరిపోయి పొడిగా వచ్చి పడుతుంది. రామగుండం, మంచిర్యాల వైపు వాళ్ళకు ఇది ఇంకా ఎక్కువ. ఎండాకాలం తెల్లవారుజామున, వానాకాలం తెరిపిచ్చిన పొడి పూట చూసుకుని, 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరంలోంచి, ఆపి ఆపి కొట్టాలి. నా మాటగా చెప్పాలంటే జూన్ నుంచి సెప్టెంబర్ దాకా స్ప్రే జోలికి పోకుండా కుంచెతో పూసే ప్రైమరే వాడండి. స్ప్రే డబ్బాలు మండే సరుకు కాబట్టి విమానంలో పంపరు, తెప్పించుకోవడమూ ఆలస్యమే.

స్ప్రే పనికొచ్చే రోజుల్లో ఒక మంచి ఉపాయం ఉంది. బొమ్మకు మొత్తం నలుపు కొట్టి, ఆరాక తల పైనుంచి మాత్రమే తెలుపు కొట్టాలి. నడినెత్తిన సూర్యుడుంటే ఎక్కడ వెలుగు పడుతుందో అక్కడే తెలుపు పడుతుంది. గడ్డం కింద, చంక కింద, అంగీ మడతల అడుగున నలుపు మిగిలిపోతుంది. రంగులు వేయకముందే వెలుతురు పటం బొమ్మ మీద సిద్ధంగా ఉంటుంది. దీన్ని జెనిథల్ ప్రైమింగ్ అంటారు.

మజ్జిగంత పల్చన

ఇప్పుడు నీళ్ళ సంగతి. ఈ పనికి వాడేది ఆక్రిలిక్ రంగు. రంగు పొడి, ప్లాస్టిక్ లాంటి జిగురు రేణువులు, నీళ్ళు కలిసిన ద్రవం అది. నీళ్ళు ఆవిరైపోతుంటే జిగురు రేణువులు దగ్గరికి జరిగి, ఒకదానితో ఒకటి అతుక్కుని, రంగు పొడిని మధ్యలో బంధించి పొరగా మారతాయి. ఒకసారి పొర కట్టాక మళ్ళీ నీళ్ళలో కరగదు. అందుకే ఒక పూత మీద ఇంకో పూత ధైర్యంగా వేయగలం. మందంగా ఒకేసారి పూస్తే 0.3 మిల్లీమీటర్ల లోతున్న మడత అందులో మునిగిపోతుంది. కొత్తవాళ్ళ బొమ్మలు ఉబ్బినట్టు, ముఖం వాచినట్టు కనిపించడానికి కారణం ఇదే. రంగును పల్చటి మజ్జిగలా కలిపి, ఒక పూత పూర్తిగా ఆరనిచ్చి రెండోది వేయాలి. మొదటి పూత కింద ప్రైమర్ అక్కడక్కడా కనిపిస్తే కంగారు పడొద్దు, రెండో పూత కప్పేస్తుంది. పసుపు, కొన్ని ఎరుపులు సహజంగానే పలుచన. నల్ల ప్రైమర్ మీద పసుపు ఆరు పూతలు వేసినా ఆకుపచ్చగా, మురికిగానే ఉంటుంది. అడుగున ముందు లేత గోధుమ రంగో, గులాబీ రంగో వేస్తే రెండు పూతల్లో పసుపు నిండుగా వస్తుంది.

మే నెలలో ఫ్యాన్ కింద కూర్చుంటే పళ్ళెంలో రంగు రెండు నిమిషాల్లో ఎండిపోతుంది. కుంచె కొస మీద ఇంకా తొందరగా. దీనికి తడి పళ్ళెం తయారు చేసుకోవాలి. చదునైన ప్లాస్టిక్ టిఫిన్ డబ్బా, వంటగట్టు తుడిచే స్పాంజి గుడ్డ, కేకులు చేసేటప్పుడు గిన్నె అడుగున వేసే బేకింగ్ పేపర్ ఉంటే చాలు. స్పాంజిని నీళ్ళతో తడిపి డబ్బాలో పరిచి, పైన కాగితం వేసి, కాగితం మీద రంగు పెట్టాలి. కింది తడి కాగితంలోంచి కొద్దికొద్దిగా పైకి వస్తూ రంగును ఆరనివ్వదు. మూత పెడితే మర్నాటికి కూడా పనికొస్తుంది. స్పాంజి మరీ తడిగా ఉంటే రంగు నీళ్ళై పారుతుంది, దాన్ని రెండు మూడు సార్లు చేస్తే అంచనా తెలుస్తుంది. ఎండాకాలంలో నా చేతి వణుకు తగ్గించింది ఈ డబ్బానే. ఆరిపోతుందన్న తొందర పోయాక చెయ్యి దానంతటదే నెమ్మదించింది.

కుంచె విషయంలో ఒక అపోహ. చిన్న బొమ్మకు సున్నాలున్న అతి చిన్న కుంచె కావాలనుకుంటారు. 000 కుంచె పట్టుకునే రంగు ఎంత? బొట్టులో సగం. బొమ్మను చేరేలోపే కొస ఎండిపోతుంది. కొస సూదిలా ఉన్న 1 నంబరు కుంచె నిండా రంగు పట్టుకుంటుంది, కొసతో కన్ను కూడా పెట్టొచ్చు. సైబీరియాలో ఉండే కోలిన్స్కీ అనే జంతువు వెంట్రుకల కుంచె మంచిదని పేరు, ఖరీదు కూడా ఎక్కువే. మొదటి ఏడాదికి మంచి సింథటిక్ కుంచె సరిపోతుంది. ముంగిస వెంట్రుకల కుంచెలు మాత్రం ఎవరైనా ఇస్తామన్నా తీసుకోకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటి అమ్మకం, కొనుగోలు నేరం. కొస సూటిగా రావడానికి కుంచెను నోట్లో పెట్టుకునే అలవాటు కూడా వద్దు, కొన్ని రంగుల్లో కాడ్మియం ఉంటుంది.

మడతలోకి పారే రంగు

అడుగు రంగులు వేశాక వచ్చే మెట్టు వాష్. ఇది బాగా పల్చగా, ముదురుగా ఉండే రంగు. బొమ్మంతా పూస్తే ఎత్తుల మీద నుంచి జారి పల్లాల్లోకి చేరుతుంది. మడత ఎక్కడుందో మనం వెతకనక్కర్లేదు, ద్రవమే వెతుక్కుంటుంది. పొలంలో నీళ్ళు మడి పల్లానికి పారినట్టే. ఒక్క గంటలో బొమ్మకు ప్రాణం వచ్చినట్టు అనిపించేది ఈ మెట్టులోనే. ఇబ్బందల్లా చదునైన చోట ఆగిపోయిన వాష్ ఆరితే అంచుల్లో టీ గ్లాసు మరకలా వలయం కడుతుంది. తడిగా ఉండగానే శుభ్రమైన కుంచెను తుడిచి, కొసను ఆ గుంటకు ఆనిస్తే అదనపు ద్రవం కుంచెలోకి ఎక్కిపోతుంది. డాలు, కవచం లాంటి నునుపైన చోట్ల ఇది మర్చిపోకూడదు.

2019లో వార్‌హామర్ తయారుచేసే గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ కాంట్రాస్ట్ అనే రంగులు తెచ్చింది. లేత ప్రైమర్ మీద ఒక్క పూత వేస్తే ఎత్తుల మీద లేతగా, మడతల్లో ముదురుగా అదే సర్దుకుంటుంది. అడుగు రంగు, వాష్ రెండూ ఒక్కటే అన్నమాట. వంద బొమ్మల సైన్యానికి ఇంతకు మించిన సాయం లేదు. నేను వాడతాను, ఇష్టంగానే వాడతాను. మొదటి పది బొమ్మలకు మాత్రం వద్దంటాను. అది వెలుతురును తనే నిర్ణయిస్తుంది, మనకు ఎందుకో తెలియదు. చేత్తో నీడ వేసి, చేత్తో వెలుగు గీసిన పది బొమ్మల తర్వాత దాన్ని పట్టుకుంటే ఎక్కడ ఆపాలో, ఎక్కడ సరిచేయాలో తెలుస్తుంది.

వెలుగు వేయడానికి తొందర దారి డ్రై బ్రష్. కుంచెకు లేత రంగు అద్ది, పాత బట్ట మీద దాదాపు అంతా తుడిచేసి, మిగిలిన పొడి రంగుతో బొమ్మ మీద మెల్లగా అటూ ఇటూ ఆడించాలి. ఎత్తైన అంచులకే తగులుతుంది. జుట్టు, బొచ్చు, గొలుసు కవచం, రాయి వీటికి దీన్ని మించింది లేదు. ముఖానికి, నునుపు బట్టకు వాడితే సుద్ద రాసినట్టు ఉంటుంది. అక్కడ ఓపికగా పొరలు వేయాల్సిందే. అడుగు రంగులో కొంచెం లేత రంగు కలిపి కొంచెం తక్కువ చోటులో, ఇంకొంచెం కలిపి ఇంకా తక్కువ చోటులో, చివరికి అంచు మీద ఒక్క గీత.

మన చర్మం, మన ఇత్తడి

ఈ పనిలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసింది చర్మం రంగు. సెట్లలో వచ్చే ఫ్లెష్ అనే సీసా ఎక్కువగా యూరప్ వాళ్ళ చర్మానికి సరిపోయేది. ఆ సీసాతో మొదలుపెట్టి ముదురు వాష్ వేస్తే మన మనుషులు రారు, ఎండకు కమిలిన తెల్లవాళ్ళు వస్తారు. మన చర్మాన్ని అడుగు నుంచే కలుపుకోవాలి. ముదురు గోధుమ రంగులో కొంచెం ఎరుపు కలిపి అడుగు వేస్తాను. నీడకు అందులో ఒక చుక్క ముదురు నీలం. వెలుగుకు తెలుపు కలపకూడదు. గోధుమ రంగులో తెలుపు పడితే బూడిద పూసినట్టు, రోగంతో ఉన్నట్టు అయిపోతుంది. యెల్లో ఓకర్ అనే మట్టి పసుపు, కొంచెం నారింజ కలుపుతూ పోవాలి. నుదురు, ముక్కు దూలం, చెంప ఎముక, వేళ్ళ కణుపులు, ఈ నాలుగే వెలుగు చోట్లు. చామనఛాయ కంటే నల్లని చర్మమైతే చివరి వెలుగు చిన్నదిగా, స్పష్టంగా ఉండాలి. నల్లని ఒంటి మీద చెమట మెరిసినప్పుడు చూడండి, మెరుపు ఎంత ఇరుకు చోటులో, ఎంత తెల్లగా ఉంటుందో. వరి కోతల కాలంలో పొలం గట్టు మీద కూర్చుని అరగంట చూసినవాళ్ళకు ఏ రంగుల చార్టూ అక్కర్లేదు. మా తమ్ముడు తన మొదటి బొమ్మకు తన ముంజేతిని పక్కన పెట్టుకుని రంగు కలిపాడు. అంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు.

లోహం కథ ఇంకోటి. లోహపు రంగుల్లో అభ్రకం లాంటి సన్నని మెరుపు పలుకులుంటాయి. నిజంగానే మెరుస్తాయి. ఆ కుంచె కడిగిన నీళ్ళలో ముఖం రంగు కుంచె ముంచితే ముఖం కూడా మెరుస్తుంది, కాబట్టి నీళ్ళ గ్లాసులు రెండు పెట్టుకోవాలి. రెండో దారి, మెరుపు పలుకులు లేని మామూలు రంగులతోనే లోహపు మెరుపును చిత్రించడం. చాలామంది పసుపు పూసి అంచున తెలుపు గీసి, ఇత్తడి రాలేదని బాధపడతారు. మా ఇంట్లో జనగామ దగ్గరి పెంబర్తిలో చేసిన ఇత్తడి చెంబు ఒకటి ఉంది. దాన్ని కిటికీ పక్కన పెట్టి, ఏ రంగు ఎక్కడుందో కాగితం మీద గీసుకున్నాను. పసుపు అనుకున్న చెంబులో పసుపు మూడో వంతు కూడా లేదు. కడుపు భాగమంతా కాఫీ గింజ లాంటి గోధుమ రంగు. దాని పక్కనే, మధ్యలో ఏ మెట్టూ లేకుండా, నిమ్మతొక్క లాంటి లేత పసుపు చార. ఆ చార మధ్యలో తెలుపు. అంచు దగ్గర ఆకుపచ్చ ఛాయ, అది కిటికీ బయటి వేపచెట్టు. లోహం తన రంగును తక్కువ చూపిస్తుంది, తన చుట్టూ ఉన్నదాన్ని ఎక్కువ చూపిస్తుంది. ముదురు పక్కనే లేత ఎంత హఠాత్తుగా వస్తే అంత లోహంలా ఉంటుంది. అంగీ మడత మీద రంగు మెల్లగా మారాలి, ఇత్తడి శిరస్త్రాణం మీద తెగినట్టు మారాలి. ఈ ఒక్క తేడాతోనే చూసేవాళ్ళు ఏది బట్టో ఏది లోహమో పోల్చుకుంటారు.

రాతి విషయంలో మాత్రం నేను నేర్చుకున్న నియమమే తప్పిన సందర్భం ఉంది. పల్లం ముదురు, ఎత్తు లేత అని కదా ఇంతదాకా చెప్పాను. ఖిలా వరంగల్‌లో తోరణాల మధ్య పరిచి ఉన్న విరిగిన శిల్పాల ముక్కలను దగ్గరగా చూస్తే కొన్నిటి పల్లాల్లో ఎర్రటి దుమ్ము చేరి, చెక్కిన గుంటే లేతగా, తాకి తాకి నునుపెక్కిన ఎత్తు నల్లగా ఉంటుంది. బొమ్మ అడుగు దిమ్మ మీద అలాంటి స్తంభం ముక్క పెట్టినప్పుడు ముదురు బూడిద రంగు మీద లేత డ్రై బ్రష్ వేసి, చివర్లో పల్లాల్లోకి ఇటుక రంగు పొడిని దులిపాను. వెంటనే అది ఇక్కడి రాయి అయింది.

అడుగు దిమ్మకు కొనుక్కొచ్చే గడ్డి, ఇసుక ప్యాకెట్లు ఉన్నాయి. నేను వాటిని ఎక్కువగా వాడను. కరీంనగర్ గ్రానైట్ కోత దగ్గరి సన్నని రాతిపొడి, మానేరు ఇసుక, వాడి ఎండబెట్టిన టీ పొడి ఫెవికాల్‌తో అంటిస్తాను. చెల్క నేల కావాలంటే ఇటుక ఎరుపు, పైన లేత నారింజ డ్రై బ్రష్. రేగడి కావాలంటే నలుపులో గోధుమ కలిపి, ఆరాక చాకు మొనతో పగుళ్ళు గీస్తాను. నేల రంగు ఒకటే అయితే వేర్వేరు అంగీలు తొడిగిన 20 మంది కూడా ఒకే దళంలా కనిపిస్తారు.

చివరికి మా తమ్ముడు అడిగిన కళ్ళు. కంటి గుంటను ముందు ముదురు గోధుమతో నింపాలి. ఆరాక మధ్యలో అడ్డంగా ఒక చిన్న మాసిన తెలుపు గీత. స్వచ్ఛమైన తెలుపైతే గుడ్లు ఉరిమినట్టు ఉంటాయి. ఆ గీత మధ్యలో నిలువుగా పై రెప్ప నుంచి కింది రెప్ప దాకా నలుపు గీత. చుక్క పెట్టొద్దు, చుక్క తెలుపు మధ్యలో తేలితే బొమ్మ జడుసుకున్నట్టు ఉంటుంది. గీత పక్కకు పోతే ఫరవాలేదు, పైనా కిందా చర్మం రంగుతో సర్దితే కన్ను ఆకారానికి వస్తుంది. రెండు మణికట్లనూ ఒకదానికొకటి ఆనించి, మోచేతులు బల్ల మీద మోపి, ఊపిరి వదిలేటప్పుడు గీయాలి. వణుకు ఉంటుంది. మణికట్లు ఆనించి ఉంటే బొమ్మా కుంచే కలిసే వణుకుతాయి, గీత తిన్నగానే పడుతుంది.

వాడు ఆ రాత్రి పదకొండింటి దాకా కూర్చుని ఒక బొమ్మ పూర్తి చేశాడు. ఎడమ కన్ను మూడు సార్లు గీశాడు. వార్నిష్ అప్పుడే వేస్తానన్నాడు, నేనే ఆపాను. బయట మంచు దిగుతోంది, తేమలో మ్యాట్ వార్నిష్ వేస్తే తెల్లటి పొగ పట్టినట్టు అయ్యి రంగంతా మసకబారుతుంది. మర్నాడు పదింటికి ఎండ ఎక్కాక, సీసాను రెండు నిమిషాలు బాగా కుదిపి, కుంచెతో పల్చగా పూశాం. జమ్మికుంట బస్సులో దాన్ని దూదిలో చుట్టి అగ్గిపెట్టెలో పెట్టుకుని పోయాడు.